పేర్లాయన డబ్బా

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున పదింటికి మా ఇంటి ముందు ఆటో ఆగింది. మిర్యాలగూడలో ఆ వేళకి మా వీధిలోకి వచ్చేవి గ్యాసు బండి, ఫోనులో కొన్న చీరల పార్సిళ్లు, అంతే. నేనూ పార్సిలే అనుకుని గడప దాటాను. ఒకామె ఆటోలోంచి యూరియా బస్తా దించి మా అరుగు మీద పెట్టింది. లోపల స్టీలు గలగలమంది.

"టీచరమ్మ ఇల్లు గిదేనా? నేను సూర్యాపేట పేర్లాయన బిడ్డను. మా నాయిన పోయి ఇయ్యాల్టికి పన్నెండు దినాలాయె. గీ సంచి మీకు ముట్టజెప్పుమన్నడు."

విప్పకుండానే ఆ బస్తాలో ఏముందో నాకు తెలిసిపోయింది. గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. లోపలి గదిలో మా నాన్న కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయనకిప్పుడు ఎనభై ఆరేళ్లు. ఆ బస్తా, ఆయన ఒకే కప్పు కిందికి రాకుండా ఇరవై రెండేళ్లుగా కాచుకుంటూ వచ్చాను.

ఇంతకీ పేర్లాయన ఎవరో చెప్పాలి. చెప్పాలంటే మళ్లీ ఆ బజారుకు పోవాలి.

మాది నేరేడుచర్ల పక్కన చిన్న ఊరు. మిర్యాలగూడ మాకు దగ్గరే, కానీ మా అమ్మ లెక్కలో అది వడ్లు అమ్ముకునే ఊరు. కొనుక్కోవడానికి మాత్రం సూర్యాపేటే పోవాలి. ఏడాదికి రెండుసార్లు, ఎర్రబస్సులో కిటికీ పక్క సీటు కోసం నేను ముందు రోజు నుంచే అమ్మను బతిమాలేదాన్ని. బస్టాండులో దిగి పెద్ద బజారులో అడుగు పెడితే సాయంత్రం దాకా మాది అదే లోకం. బట్టల దుకాణంలో తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి, తానుల మీద తానులు విప్పి మా ఒళ్లో పోసేవాళ్లు. మా అమ్మ మొదటి దుకాణంలో ఎన్నడూ కొనలేదు. మూడు దుకాణాలు ఎక్కి దిగి, పొద్దున చూసిన చీరకే మళ్లీ మొదటి దుకాణానికి వచ్చేది. వాళ్లూ అది తెలిసినట్టే ఆ చీర మడవకుండా పక్కన ఉంచేవాళ్లు. చెప్పుల దుకాణంలో పాదం పెట్టి కొలిచే చెక్క చల్లగా తగిలేది. రిబ్బన్లు, పిన్నులు, గోళీ సోడా, కాగితంలో నూనె కారే మిరపకాయ బజ్జీలు. ఇప్పుడు నా ఫోనులో అంతకు వంద రెట్లు ఉన్నాయి. ఆ సంతోషం మాత్రం లేదు. ఈ మాట అంటే మా స్కూలు పిల్లలు నవ్వేవాళ్లు, నవ్వనీ.

ఆఖరున స్టీలు సామాన్ల దుకాణం. మా అమ్మ కొంగు చివర ఒక అయస్కాంతం ముక్క ముడేసుకుని వచ్చేది. ప్రతి గిన్నెకీ దాన్ని ఆనించి, అతుక్కుంటే మొహం ముడుచుకుని పక్కకు తోసేది. మంచి స్టీలుకు అయస్కాంతం అంటుకోదని ఎవరు చెప్పారో గానీ, దుకాణం వాళ్లు ఆమెను చూడగానే లోపలి సరుకు తీసేవాళ్లు.

కొన్నాక పేరు కొట్టించాలి. పేరు లేని గిన్నె ఏ ఫంక్షనుకో పోతే మళ్లీ ఇల్లు చేరదు. ఆ దుకాణం మెట్ల మీద, ఎండ పడని మూలన, పేర్లాయన కూర్చునేవాడు. బజారు ఈ కొసన ఉండగానే ఆయన సుత్తె చప్పుడు వినిపించేది. చెవుల్లో దూది, ఒళ్లో అరిగిపోయిన చెక్క మొద్దు, చేతిలో చిటికెన వేలంత ఉలి. గిన్నె ఇస్తే ముందు గోటితో ఒకసారి మీటి, ఎడమ చెవిలో దూది తీసి వినేవాడు. తరువాత మొద్దు మీద బోర్లించి, పేరు మూడుసార్లు పెదవుల్లోనే అనుకునేవాడు. ఆ మూడోసారి అయ్యాక ఇక ఆగేవాడు కాదు. చుక్క పక్కన చుక్క, అక్షరం పక్కన అక్షరం. చివరికి బొటనవేలితో రుద్ది, ఊది, చేతికిచ్చేవాడు.

కానీ కొట్టే ముందు ఒక ప్రశ్న అడిగేవాడు. ఎవరినైనా సరే, ఏ గిన్నెకైనా సరే.

"ఉన్నోళ్ళదా, పోయినోళ్ళదా?"

మా వైపు దినాలకు వచ్చిన వాళ్లందరికీ పోయినవాళ్ల పేరు కొట్టించిన గ్లాసో డబ్బానో పంచుతారు. పేరు ముందు 'కీ.శే.' అని ఉంటుంది. కాబట్టి ఆ ప్రశ్నలో అర్థం లేకపోలేదు. కానీ పెళ్లి సామాన్లు కొనుక్కుని, పసుపు చేతులతో వచ్చినవాళ్లను కూడా అదే అడిగేవాడు. ఎన్ని తిట్లు తిన్నాడో లెక్కలేదు. ఆయన దగ్గర పని చేయించుకోవడం అపశకునమని కొందరు పక్క బజారుకు పోయేవాళ్లు. అక్కడ చేయి కుదురు లేదని మళ్లీ ఇక్కడికే వచ్చేవాళ్లు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ నాకోసం ఒక గ్లాసు కొన్నది. నా పేరుతో మొదటి వస్తువు. ఆయన గ్లాసు మీటి, విని, నా మొహంలోకి చూసి అడిగాడు.

"ఉన్నోళ్ళదా, పోయినోళ్ళదా?"

"నీ నోట్ల మన్నువడ! పిల్ల ఎదురుంగ నిలవడ్డది కనవడ్తలేదా?" అంది అమ్మ.

"కనవడ్తది తల్లీ. అయినా అడగాలె. ఆ పిల్లనే జెప్పనియ్."

అమ్మ గొణుగుతూనే ఉంది. ఆయన ఉలి పట్టుకుని కదలకుండా నా వైపే చూస్తున్నాడు. "ఉన్నదాన్నే" అన్నాను. గొంతు నాకే వినపడలేదు. "జర గట్టిగ" అన్నాడు. మళ్లీ అన్నాను. అప్పుడు కొట్టాడు. ఆ గ్లాసులో నీళ్లు తాగినప్పుడల్లా నేను ఉన్నానని ఎవరికో చెప్పుకున్నట్టు ఉండేది. ఆ గ్లాసు ఇప్పటికీ ఉంది.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. అమ్మ అప్పటికే లేదు. నేను కోదాడలో టీచరుగా ఉన్నాను. నాన్నకు ఉన్నట్టుండి జబ్బు చేసి, హైదరాబాదులో పదిహేను రోజులు పెట్టి, ఇక ఇంటికి తీసుకుపోండని పంపించారు. ఊళ్లో మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. మాట లేదు, పలుకు లేదు. గొంతులో నీళ్ల చుక్క కూడా దిగడం లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు మంచం చుట్టూ కూర్చున్నారు.

మా పెదనాన్న అన్నీ ముందే చూసుకునే మనిషి. నాట్లకు మనుషుల్ని నెల ముందు మాట్లాడుకునే రకం. మంచం పక్కనే నిలబడి అన్నాడు.

"ఇగ ఇయ్యాలో రేపో. లగ్గాల సీజను, బిడ్డా. సూర్యాపేటల పేర్లు కొట్టేటాయన పది దినాల దాంక ఖాళీ దొరకడు. ఇప్పుడే పోయి డబ్బాలు కొట్టిచ్చుకరా. అప్పుడు నువ్వు యాడ ఉరుకుతవ్? నలభై తీస్కో."

"నలభై సరిపోతాయా పెదనాయినా?"

నేనే అడిగాను ఆ మాట. నాన్న తలాపున నిలబడి, ఆయన నుదుటి మీద చెయ్యి ఉంచి అడిగాను. ఏడ్చి ఏడ్చి ఉన్నాను, మనసు మొద్దుబారింది, ఏం చెబితే అది చేస్తున్నాను. అయినా అడిగింది నేనే.

మధ్యాహ్నానికి సూర్యాపేట చేరాను. బజారంతా పెళ్లిళ్ల జనం. పేర్లాయన పక్కన బిందెలు, గంగాళాలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. నేను నలభై డబ్బాలు, నాన్న పేరు రాసిన కాగితం ముందు పెట్టాను.

"ఉన్నోళ్ళదా, పోయినోళ్ళదా?"

"పోయినోళ్ళదే కాకా."

"నీకేమైతడు?"

"నాయిన."

ఆయన నా మొహం చూడలేదు. చెవుల్లోంచి దూది రెండు వైపులా తీసేసి పక్కన పెట్టాడు. పెళ్లి బిందెలన్నీ జరిపేశాడు. ఒకామె తన వంతు ముందని గొడవ పడితే, "పోయినోళ్ళ పని ఆగదు తల్లీ, లగ్గం ఆగుతది" అన్నాడు. పోయినవాళ్ల పని వస్తే అన్నీ పక్కన పెట్టి చేయడం ఆయన పద్ధతట. ఆ సంగతి పెదనాన్నకు తెలిసి ఉంటే నేను ఆ రోజు పోయేదాన్నే కాదు. నలభై డబ్బాల మూతల మీద 'కీ.శే.' కొట్టి, పక్కన మా నాన్న పేరు కొట్టాడు. ఒక్కో మూతకూ పేరు మూడుసార్లు పెదవుల్లో అనుకున్నాడు. నేను మెట్టు మీద కూర్చుని నూట ఇరవై సార్లు ఆ పెదవులు కదలడం చూశాను. ఎప్పుడు ఫోను మోగుతుందా అని చూస్తున్నాను. మోగలేదు.

మూడో రోజు పొద్దున నాన్న కళ్లు తెరిచి జావ అడిగాడు.

ఇంటిల్లిపాదికీ పండగే. నేను మాత్రం వెనక గదిలో ఉన్న సంచి గుర్తొచ్చి, పోయి దాని మీద పాత దుప్పటి కప్పాను. పెదనాన్న నవ్వి, "అటక మీద పడెయ్. ఎప్పటికైనా పనికొచ్చేటియే గదా" అన్నాడు. ఆ నవ్వుకు నేను ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు. నాన్న కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టగానే, ఆయన స్నానానికి పోయిన సమయం చూసి సంచి భుజాన వేసుకుని బస్సెక్కాను.

పేర్లాయన సంచిని చూశాడు, నన్ను చూశాడు.

"ఉన్నడా?" అన్నాడు.

తల ఊపాను. ఆయన చేతిలో ఉలి కింద పడింది. ఆకురాయి తీసి ఒక మూత మీద రుద్దాడు. పైన అక్షరాలు మసకబారాయి గానీ, మూత తిప్పితే లోపలి వైపు చుక్కలు పొడుచుకొచ్చి పేరు అలాగే ఉంది. వేలితో తడిమి చూసుకుని ఆకురాయి పక్కన పెట్టాడు.

"చెరగదు బిడ్డా. లోపటి దిక్కు దిగింది."

"పారేద్దామా కాకా?"

"యాడ పారేస్తవ్? ఎవరికి దొరుకుతయో, ఎవరు తింటరో." అప్పుడు అసలు సంగతి చెప్పాడు. "ఎనుకట ఒగలు దినాలకు గ్లాసులు తెచ్చిండ్రు. చిట్టీల రెండు పేర్లున్నయ్, పోయినాయనది, ఆయన కొడుకుది. నేను అడగలే. కొడుకు పేరు ముందట కీర్తిశేషులని కొట్టిన. ఆ పిలగాడు మంచోడు, నవ్విండు. ఏం గాదులే అన్నడు. ఆరు నెలలు తిరగలే, వాని గ్లాసులకు మళ్ల నా కాడికే వచ్చిండ్రు. అప్పటిసంది అడుగుతున్న."

అని తన అల్యూమినియం గిన్నె మూత తీశాడు. మధ్యాహ్నం అన్నం అప్పటికి ముట్టలేదు. ఆ అన్నం, పప్పు తీసి మా నాన్న పేరున్న డబ్బాలో వేసుకున్నాడు. నేను వద్దు వద్దని అరిచాను. దుకాణంలో వాళ్లు తొంగి చూశారు.

"తప్పు కొట్టింది నా చెయ్యి. నేనే తింట. అండ్ల కీడుంటె నాకే తగలనియ్."

"అబద్ధం చెప్పింది నేను గదా!"

"నేను నీ మొకం సూడలే. చిన్నప్పుడు నీతోటి గట్టిగ జెప్పిచ్చిన, యాదికుందా? మొన్న ఎందుకు సూడలే?" అంటూ ముద్ద కలిపాడు. "తక్కినయి గుడ నా కాడ ఉండనియ్. ఇంట్ల పెట్టకు."

ఆ మాటలు నేను నమ్మానా? సైన్సు చెప్పుకునే టీచరును. తరగతిలో పిల్లలకు ఇలాంటివన్నీ వట్టి భయాలని చెప్పేదాన్ని. కానీ ఆ రోజు సంచి అక్కడ వదిలి బస్సెక్కాక నాకు ఊపిరి ఆడింది. అదీ నిజమే.

ఆ తరువాత ఆ బజారు నాకు మునుపటి బజారు కాలేదు. ఎప్పుడు పోయినా మధ్యాహ్నం మెట్ల మీద ఆయన, ఒళ్లో ఆ డబ్బా. నన్ను చూడగానే ముద్ద ఆపి, అవతలి వైపు నుంచే గట్టిగా అడిగేవాడు.

"నాయిన మంచిగున్నడా?"

"మంచిగున్నడు కాకా" అని నేను చెప్పేదాకా ముద్ద నోట్లోకి పోయేది కాదు. చెప్పాక గోటితో డబ్బా మీటి, విని, మళ్లీ తినేవాడు. ఏ రోజైనా జవాబు మారుతుందేమోనని నాకు భయం. ఆయనకూ అదే భయమని మొహంలో తెలిసేది. రానురాను ఆ సందు తప్పించుకుని, చెప్పుల దుకాణం వెనక నుంచి తిరిగి పోవడం నేర్చుకున్నాను. కోదాడలో మా పక్కింటి టీచరు, "చీరలకి సూర్యాపేట ఎందుకండీ, శుభ్రంగా విజయవాడ వెళ్దాం రండి" అంటే సరేనన్నాను. అమ్మ చేయి పట్టుకుని తిరిగిన బజారును నేనే అలా వదిలేసుకున్నాను.

అయినా ఒకసారి తప్పలేదు. నాన్న చెప్పులకు సూర్యాపేటే పోవాలని పట్టుబట్టి నాతో వచ్చాడు. చెప్పులు కొన్నాక నేను ఎంత లాగినా వినకుండా స్టీలు దుకాణం వైపే నడిచాడు. మెట్ల మీద పేర్లాయన అన్నం తింటున్నాడు. మమ్మల్ని చూశాడు. నేను కళ్లతో సైగ చేశాను. ఆయన మూతను మెల్లగా తన కడుపు వైపు తిప్పుకుని, దాని మీద అరచెయ్యి ఆనించాడు. నాన్న అక్కడే ఆగిపోయాడు.

"ఏం కూరనే?" అన్నాడు.

"దోసకాయ పప్పు."

"మంచిగుంటది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నట్టు నాకనిపించింది. తరువాత నాన్న కర్ర ఎత్తి, "పోదాం పా బిడ్డా, ఎండైతుంది" అన్నాడు. దారిలో ఏమీ అడగలేదు. ఏమీ తెలియదనే అనుకున్నాను.

ఆఖరుసారి పేర్లాయనను చూసింది మూడేళ్ల కింద. దుకాణంలో పేర్లు వేయడానికి మిషను వచ్చింది. వీధి వెడల్పు చేస్తారని గోడలన్నిటి మీద ఎర్ర గీతలు గీశారు. ఒక గీత ఆయన కూర్చునే మెట్టు మీద నుంచే పోయింది. పని లేకపోయినా వచ్చి, ఆ గీత మీదే కూర్చుని ఉన్నాడు. రిటైరై మిర్యాలగూడలో ఇల్లు కట్టుకున్నామని, నాన్న నా దగ్గరే ఉన్నాడని, ఇల్లు ఫలానా చోటని చెప్పి, ఫోను నంబరు ఇచ్చాను. ఆయన దాన్ని కాగితం మీద రాసుకోలేదు. ఒక డబ్బా అడుగున ఉలితో కొట్టుకున్నాడు. అందరి పేర్లూ కొట్టిన మనిషి పేరు ఆ రోజు కూడా నేను అడగలేదు.

ఇక ఆ మంగళవారం. ఆయన కూతురికి మంచినీళ్లిచ్చాను. పోతూ పోతూ చెప్పింది.

"ఒకటి తక్కువుంటదమ్మా. ఆయన దినాం తినే డబ్బా. అండ్ల బువ్వ పెట్టి కట్టెల మీద పక్కన పెట్టుమన్నడు. గట్లనే పెట్టినం. మీద ఏందో రాసుంటది, నాకు సదువు రాదు."

ఆమెను వీధి చివరి దాకా సాగనంపి, ఆటో ఎక్కించి వచ్చాను. పావుగంట కూడా పట్టలేదు. వచ్చేసరికి అరుగు మీద బస్తా లేదు.

నాన్న నడవలో కింద కూర్చుని ఉన్నాడు. డబ్బాలన్నీ బయటికి తీసి, వరసకు పది చొప్పున పేర్చాడు. ముప్పై తొమ్మిది మూతల మీద తన పేరు. ఆఖరి వరసలో ఖాళీ చోటును వేలితో తట్టాడు.

"ఒకటి తక్కువున్నదే. మీ పెదనాయిన నలభై గదా జెప్పింది."

నేనూ పోయి ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను.

"మంచంల వడ్డోనికి కండ్లు మూతవడ్తయ్ గని చెవులు మూతవడ్తయా బిడ్డా? నువ్వు సరిపోతయా అంటివి. సరిపోవు అందామనుకున్న, నోరు రాలే." అంటూ నవ్వాడు.

ఇరవై రెండేళ్లు. నేను దాస్తున్నాననుకున్నది ఆయనే నా కోసం దాచాడు. ఏడుపు ఆగలేదు. "ఎన్నడూ అడగలేదేంది నాయినా?" అన్నాను.

"అడిగితె గిట్లనే ఏడుస్తవని." ఖాళీ చోటు వైపు మళ్లీ చూసి, "సూర్యాపేటల ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు గని, నా పేరు నాకు కనవడదా? ఆ ఒక్కటి యాడుంది మరి?"

చెప్పాను. చితి కట్టెల మీద పెట్టారని చెప్పాను. నాన్న నవ్వు ఆగిపోయింది. ఒక డబ్బా తీసుకుని, మూత తిప్పి, లోపలి వైపు పొడుచుకొచ్చిన చుక్కల్ని బొటనవేలితో తడిమాడు.

"ఇన్నేండ్లు ఆయన తిన్నడు. ఇగ ఆయన లేడు. రేపటిసంది నాకు గీండ్లనే పెట్టు."

నేను ఒప్పుకోలేదు. ఆయన మరునాడు సాయంత్రం దాకా ముద్ద ముట్టలేదు. చివరికి పెరుగన్నం కలిపి ఆ డబ్బాలోనే పెట్టాను. పేరు తన వైపు తిప్పుకుని, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు.

అప్పటినుంచి రోజూ అదే డబ్బా. కడిగి తుడుస్తున్నప్పుడు వేలికి 'కీ.శే.' తగులుతుంది. పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని, నాన్న గది తలుపు దగ్గర నిలబడి ఆ మాట అడగడం. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"నాయినా, మంచిగున్నవా?"

"మంచిగున్న బిడ్డా" అని వెంటనే అంటాడు.

ఇవాళ పొద్దున మాత్రం రెండుసార్లు అడగాల్సి వచ్చింది.